సముద్రతీర గ్రామములలో ఇంటికప్పు సంరక్షణము

తిన్న యింటి వాసములు లెక్కించుట కృతఘ్నుని లక్షణమని మన పెద్దలు చెప్పుదురు. అది పరుల యింటికి సంబంధించిన మాట. తన యింటి వాసములను ఏటేట లెక్కించుకొనుట మాత్రము గృహస్థునకు విధి. సముద్రమునకు చేరువ గ్రామములలో కాపురముండు రైతునకు ఈ విధి మఱింత ముఖ్యమైనది. ఎద్దు ముసలిదైన నడకలో తెలియును. నాగటి కఱ్ఱు అరిగిన చాలులో తెలియును. ఇంటికప్పు ముసలిదైన సంగతి మాత్రము తుపాను రాత్రి వఱకు తెలియకుండవచ్చును. ఆ రాత్రి తెలిసి ప్రయోజనము లేదు.

రైతు ఇంటికప్పు క్రింద ఉండునది కుటుంబము మాత్రమే కాదు. గాదెలోని ధాన్యము, మఱుసటి పంటకు దాచిన విత్తనము, ఎరువుల బస్తాలు, భూమి పత్రములు, సంఘపు పాసుపుస్తకము అన్నియు దాని నీడనే యుండును. కప్పు లేచిపోయిన వానికి ఆ యేటి పంటయు, వచ్చు నేటి సాగును ఏకముగా దెబ్బతినును. కావున ఈ విషయము గృహనిర్మాణమునకే గాక వ్యవసాయమునకును సంబంధించినదని తలచి, మా సభ్యులకు ఉపయోగించు కొన్ని సంగతుల నిచ్చట వ్రాయుచున్నాము.

సాధారణముగా మనవారు కప్పును వీధిలో నిలిచి పైనుండి చూతురు. పెంకులు సరిగా నున్నచో కప్పు బాగున్నదని తలచి, వాన కురిసిన చోట ఒకటి రెండు పెంకులు మార్చి ఊరకుందురు. తీరప్రాంతమున కప్పు చెడుట పైనుండి కాదు, క్రిందనుండి. గాలి దానిని క్రిందనుండి ఎత్తును. ఉప్పు దానిని క్రిందిప్రక్కన తినును. చెద గోడ వెంబడి క్రిందనుండి ఎక్కును. ఈ యొక్క మాట గ్రహించినచో మిగిలినదంతయు సులభముగా బోధపడును.

గాలి కప్పును ఎత్తు విధము

పెంకు బరువైనది గనుక గాలికి లేవదని పలువురి నమ్మకము. దీనిని లెక్కవేసి చూతము. భారత ప్రమాణముల బ్యూరో వారు ప్రకటించిన గాలిభారపు నియమావళిలో విశాఖపట్టణము, నెల్లూరు మొదలగు మన తీరప్రదేశములకు గైకొనవలసిన గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. అంతటి గాలి అడుగు చదరమునకు సుమారు 14 కిలోల బలము కలిగించును. చూరు అంచులయందును, మూలలయందును, కొప్పునొద్దను ఈ బలము కప్పును అదుముటకు మారుగా పైకి పీల్చును. మంగళూరు పెంకుల బరువన్ననో అడుగు చదరమునకు సుమారు 4 కిలోలు మాత్రమే. వాసములను, బద్దలను చేర్చినను 6 కిలోలకు మించుట అరుదు. కాన బరువును నమ్ముకొనిన కప్పు పెనుతుపానులో నిలువదు. దానిని నిలుపునది కట్టు ఒక్కటియే.

మఱియొక సంగతి. గాలివేగము రెట్టింపయిన దాని బలము నాలుగు రెట్లగును. ఏటేట వచ్చు చిన్న గాలివానలకు నిలిచినదని ముసలి కప్పును నమ్మరాదనుటకు ఇదియే కారణము. మఱియు గాలి ఎదురుగా నున్న కిటికీ గాని తలుపు గాని విఱిగినచో, గాలి లోపలికి దూరి కప్పును లోపలినుండి పైకి త్రోయును. అప్పుడు పైన పీల్పు, క్రింద త్రోపు రెండును కలియును. తలుపు గడియలు, కిటికీ కీలులు గట్టిగా నుండుటయు కప్పు సంరక్షణములోని భాగమే.

ఉప్పు, తేమ, చెద

సముద్రపుగాలి ఉప్పును మోసికొని వచ్చి అన్నిటిమీదను పూయును. కప్పు పైభాగమున చేరిన ఉప్పును వాన కడిగివేయును. చూరు క్రింద, వాసముల ప్రక్కన, రేకుల అడుగున చేరిన ఉప్పును కడుగువారు లేరు. అది తేమను పీల్చుకొని అచ్చటి ఇనుమును రాత్రింబవళ్ళు తినుచుండును. కావుననే పైన మెఱయుచున్న రేకు అడుగున జల్లెడవలె నుండుట చూచుచున్నాము. తుప్పు పట్టిన మేకు ఉబ్బి, తాను దిగిన వాసమును చీల్చును. అటుపిమ్మట మేకునకు పట్టు లేదు, కఱ్ఱకు బలము లేదు.

కఱ్ఱ చెడు చోటు నడుమ కాదు, కొనయందు. వాసము గోడమీద ఆనుచోట, దూలము గోడలోనికి దూరుచోట, చూరునీరు తడుపుచోట తేమ ఆరదు. గాలి యాడదు. అచ్చట కఱ్ఱ కుళ్ళును, చెద పట్టును. పైన సున్నము పూసియుండుటచే ఏమియు కానరాదు. తాటివాసమైనచో వెలుపలి నల్లని చేవ గట్టిగానే యుండి, లోపలి మెత్తని భాగము పొట్టుగా మాఱియుండవచ్చును.

ఏటికొక్కసారి చేయవలసిన పరీక్ష

రబీ కోతలు ముగిసిన పిమ్మట, ఫాల్గుణ చైత్రములలో, ఒక పూట ఇందులకు వినియోగించిన చాలును. నిచ్చెన, చాకు, దారము, సుత్తి, చేతిదీపము ఉన్న మఱేమియు అక్కఱలేదు.

మొదట మిట్టమధ్యాహ్నము తలుపులు మూసి లోపలినుండి పైకి చూడవలెను. వెలుతురు చొచ్చుచోట వానయు చొచ్చును. అట్టి తావులను బొగ్గుతో గుర్తు పెట్టుకొనవలెను. పిమ్మట కొప్పుదూలమునకు ఈ కొసనుండి ఆ కొసకు దారము బిగించి పట్టి, నడుమ ఎంత క్రుంగినదో చూడవలెను. ఈ యేటి కొలతను గోడమీద వ్రాసి యుంచినచో, వచ్చు నేడు క్రుంగు పెరిగినదో లేదో తెలియును. పాత యిల్లు కొంత క్రుంగియుండుట సహజము. క్రుంగు ఏటేట పెరుగుటయే భయపడవలసినది.

తరువాత ప్రతి వాసపు కొనను చాకుమొనతో గ్రుచ్చి చూడవలెను. మంచి కఱ్ఱలో మొన నిలిచిపోవును. కుళ్ళిన కఱ్ఱలో అంగుళము దిగబడును. సుత్తితో తట్టిన డొల్ల చప్పుడు వచ్చినచో లోపల చెద యున్నదని గ్రహింపవలెను. గోడలమీద మట్టితీగలు ప్రాకియున్న, వానిని చెరిపి ఊరకుండక అవి నేలలో ఎచ్చటనుండి బయలుదేరినవో చూచి అచ్చట మందు వేయింపవలెను. కడపట వాసములను గోడతో బంధించు ఇనుప పట్టీలను, మేకులను చూడవలెను. వ్రేలితో గీచిన పొరలు రాలు ఇనుము చచ్చిన ఇనుమే.

పెంకుల పరీక్ష సులభము. మంచి పెంకు తట్టిన గంటవలె మ్రోగును. పగులు గలది, మెత్తబడినది మోటుగా పలుకును. సందేహమున్న పెంకును ఎండబెట్టి తూచి, ఒక రేయింబవలు నీట నానబెట్టి మరల తూచినచో అది త్రాగిన నీరు తెలియును. అదే బట్టీనాటి రెండు పెంకులలో తక్కువ నీరు త్రాగినదే మేలైనది.

మరమ్మతా, మార్పా?

మన ప్రాంతమున బెంగుళూరు పెంకని వ్యవహరింపబడు మంగళూరు పెంకు, 1865 లో బాసెల్ మిషనువారు మంగళూరులో నెలకొల్పిన కర్మాగారమునుండి వ్యాప్తికి వచ్చినది. బాగుగా కాలిన పెంకు మనుష్యుని ఆయువును మించి నిలుచును. దాని క్రింది కఱ్ఱకు అంత ఆయువు లేదు. కావున ముసలి పెంకుటింటిలో మార్చవలసినది తఱచుగా పెంకు కాదు, కఱ్ఱయు కట్టును. పాత కఱ్ఱమీద క్రొత్త పెంకు పరచుట డబ్బు దండుగ. క్రొత్త కఱ్ఱమీద మ్రోగు పాత పెంకులు పరచుట మితవ్యయము.

నాలుగైదు పెంకులు పగులుట, ఒకటి రెండు వాసముల కొనలు మాత్రము మెత్తబడుట, కొప్పు పెంకుల సున్నము రాలుట, ఇవి మరమ్మతుతో తీరును. కొన చెడిన వాసమునకు ప్రక్కన జోడు వాసము వేసి, గట్టి కఱ్ఱ వఱకు సాగించి బోల్టులతో బిగింపవచ్చును. పెంకు మార్చునపుడు అదే కర్మాగారపు అచ్చు వెదకి తేవలెను. అచ్చు మాఱిన గాడి కలియదు, సందున వాన దూరును. పెంకులమీద నేరుగా నడువక నిచ్చెనయో పలకయో పరచి దానిమీద ప్రాకవలెను. ఒక పెంకు మార్చబోయి పది పగులగొట్టుట ఎల్లవారికి అనుభవమే.

గోడమీద వాసములను మోయు పట్టె మెత్తబడినను, మూడవవంతునకు మించిన వాసములు చాకునకు లొంగినను, కొప్పు క్రుంగు ఏటేట పెరుగుచున్నను, మరమ్మతులు మాని కప్పంతయు దింపి మార్చుటయే మేలని మా అభిప్రాయము. ఏటేట కొంచెము కొంచెముగా చేయు మరమ్మతు అప్పటికి చవుకగా కనుపించును. గాని ప్రతిసారియు పెంకు దించుట, ఎక్కించుట, కూలి, విఱుగుడు కలిపి చూచిన మూడు నాలుగేండ్లలో ఆ ఖర్చు పెద్దదగును. కప్పు మాత్రము ముసలిదిగనే యుండును.

కప్పు మార్చునపుడు

ముందుగా వాలు. రెండడుగుల నిడివికి ఒక అడుగు ఎత్తు వంతున వాలుండిన పెంకుటికప్పు వానను చక్కగా జార్చును, గాలిపీల్పునకును కొంత తట్టుకొనును. బల్లపరుపుగా నుండు కప్పులను గాలి ఎక్కువగా ఎత్తును. రెండు వాలుల కప్పుకన్న నాలుగు ప్రక్కలకు వాలిన కప్పు తుపానునకు మెఱుగు. మన తీరమున పూర్వులు కట్టుకొనిన చుట్టిండ్లు గుండ్రని గోడమీద గోపురమువంటి కప్పు గలిగి, గాలికి ఎదురు నిలువక దానిని చుట్టును జారవిడుచునవి. వానిని కట్టినవారు లెక్కలు చదివినవారు కారు, గాలిని ఎఱిగినవారు.

చూరు గోడను దాటి ఒకటిన్నర అడుగునకు మించి చాపరాదు. ఎండకు, వానకు నీడ కావలెనన్నచో వసారా కప్పును ఇంటికప్పుతో ఏకముగా సాగదీయక, దాని స్తంభములమీద వేరుగా వేయవలెను. వసారా లేచినను ఇల్లు నిలుచును.

అన్నిటికన్న ముఖ్యమైనది కట్టు. పెంకు బద్దకు, బద్ద వాసమునకు, వాసము గోడపట్టెకు, పట్టె గోడకు, గోడ పునాదికి, ఈ వరుసలో ఒక్క ముడి వదలినను తక్కినవి వ్యర్థము. వాసమును పట్టెకు మేకుతో మాత్రమే దిగగొట్టి వదలరాదు. పైకి లాగు బలమునకు మేకు సులభముగా ఊడివచ్చును. ఇనుప పట్టీని వాసముమీదుగా త్రిప్పి రెండు ప్రక్కల బోల్టులు బిగింపవలెను. పట్టెను గోడలోనికి లోతుగా దింపిన కమ్ములతో బంధింపవలెను. కమ్మి ఎంత లోతు దిగిన అంత గోడ బరువు కప్పును పట్టియుంచును. మట్టిగోడలకు ఈ పట్టు చాలదు గనుక, మూలలయందు భూమిలో పాతిన స్తంభములకు పట్టెను కట్టవలెను.

దూలములు గోడలో దూరుచోట రాతిపలకమీద ఆనించి, చుట్టును కొంచెము గాలి యాడునట్లు సందు విడువవలెను. కఱ్ఱ ఎక్కించుటకు ముందే చెదమందు పట్టింపవలెను. ఎక్కించిన పిమ్మట పైపైన పూసిన మందు గోడలోని కొనలకు చేరదు.

పెంకులలో చూరు ప్రక్క వరుసలను, కొప్పు ప్రక్క వరుసలను, ఇరుప్రక్కల అంచులను తప్పక తీగతో బద్దకు కట్టవలెను. జింకు పూత తీగ ఉప్పుగాలికి కొలది యేండ్లలో తెగిపోవును. తుప్పుపట్టని ఉక్కుతీగ కొంచెము ఖరీదైనను అదియే చవుక. రాగితీగయు నిలుచును గాని, దానిమీదినుండి జారిన నీరు జింకు పూత గల రేకుతూములను తినివేయును. గనుక రెంటిని ఒకచోట చేర్చరాదు. మఱింత భద్రత కోరువారు నాలుగైదు అడుగుల కొకటిగా కమ్ములుంచిన కాంక్రీటు పట్టీలను పెంకులమీద వాలువెంట వేయింపవచ్చును. లేదా అంచులవఱకు తీగవల పఱచి సిమెంటు పూత వేయింపవచ్చును. ఈ బరువు కఱ్ఱ మోయగలదా యని వడ్రంగితో ముందే విచారింపవలెను.

రేకులు, తాటాకు, డాబా

పెంకు దించి రేకులు వేసికొనుట యిపుడు పలుచోట్ల కనబడుచున్నది. రేకు త్వరగా పఱచవచ్చును, కురియదు. గాని రేకు బరువు అడుగు చదరమునకు అరకిలోకు అటునిటు మాత్రమే. పెంకులను పట్టియుంచిన పాతకట్టు రేకులకు చాలదు. వానికి కొక్కెపు బోల్టులు వేసి, వెడల్పయిన వాషర్లతో, రేకు మెట్టమీద బిగింపవలెను, పల్లమున కాదు. చూరునొద్దను కొప్పునొద్దను బోల్టులను దగ్గఱ దగ్గఱగా వేయవలెను. లేచిన రేకు ఇంటివారికే గాక దారిన పోవువారికిని ప్రాణాంతకము. ఏటికొకసారి వేసవిలో రేకుల అడుగుభాగమును మంచినీటితో కడిగి, తుప్పు గీచి, రంగు వేయుట మేలు.

పాత ఆస్బెస్టాసు రేకులను కోయుట, పగులగొట్టుట, రంపముతో త్రవ్వుట కూడదు. ఆ ధూళి పీల్చినవారికి అనేక సంవత్సరముల పిమ్మట ఊపిరితిత్తుల వ్యాధులు, కేన్సరు వచ్చును. తీయక తప్పనప్పుడు నీటితో తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండ దింపవలెను.

తాటాకు పాకలవారు కప్పు నేయించినప్పుడెల్ల ఆకుతో పాటు కట్లను మార్పవలెను. పైన పాతవలనో కొబ్బరితాళ్ళనో పఱచి నాలుగు ప్రక్కల నేలలోని గుంజలకు బిగించుట తుపాను నెలలలో అలవాటు కావలెను. పాకను పెంకుటిల్లుగా మార్పదలచినవారు పాత వాసములు ఆ బరువును మోయలేవని గ్రహింపవలెను.

డాబా యున్నవారికి ఈ బాధ లేదనుట పొరపాటు. ఉప్పుటిసుకతో గాని, ఉప్పునీటితో గాని పోసిన కాంక్రీటులో కమ్మి తుప్పుపట్టి, ఉబ్బి, అడుగున పెచ్చులూడును. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి సున్నము కొట్టుట రోగమును దాచుటయే. తుప్పు పూర్తిగా గీచి, కమ్మి సన్నగిల్లినచో తెలిసినవారిచే క్రొత్త కమ్మి చేర్పించిన పిమ్మటనే పూత వేయవలెను.

ఖర్చు విషయము

పంటఋణము పంట చేతికి వచ్చు గడువునకు తీర్పవలసినది. కప్పు పంట పండదు. కాన పంటఋణమును కప్పునకు మళ్ళించినవాడు గడువునకు చెల్లింపలేక, మఱుసటి సాగునకు పెట్టుబడి లేక, అధికవడ్డీకి వెలుపల అప్పుచేయవలసి వచ్చును. కప్పు ఎప్పుడో ఒకప్పుడు మార్పక తప్పదు గనుక, ప్రతి కోతకు కొంత మొత్తము సంఘములో పొదుపుగా నుంచుట ఉత్తమము. చాలనిచో దీర్ఘకాలపు వాయిదాలు గల ఋణమునే అడుగవలెను.

సహకారమునకు ఇచ్చట తావు చాల గలదు. ఒక వీధిలో అయిదారు ఇండ్లవారు ఒకే వేసవిలో పని పెట్టుకొనినచో పెంకు, కఱ్ఱ, బోల్టులు ఒక్కసారిగా తెప్పించుకొని బండికిరాయి తగ్గించుకొనవచ్చును. వడ్రంగికి వరుసగా పని దొరకును. ఒకరి పెంకు దించునాడు అందఱు చేయి వేయుటచే కూలియు తగ్గును. నాట్లలో బదులు పోవుట మనకు క్రొత్త కాదు. ఏ పనియైనను వైశాఖ జ్యేష్ఠములలోనే ముగియవలెను. జూనులో వానలు పట్టును. అక్టోబరు, నవంబరులు తుపానుల కాలము. 1996 నవంబరు 6న కోనసీమను, 2014 అక్టోబరు 12న విశాఖను, 2018 అక్టోబరు 11న ఉద్దానమును తుపానులు తాకిన దినములు మఱువదగినవి కావు. అప్పుడు పెంకు వెదకుట ఇల్లు కాలునపుడు నూయి త్రవ్వుటవంటిది.

హెచ్చరిక వచ్చిన నాడు

తుపాను హెచ్చరిక వచ్చిన పిమ్మట కప్పెక్కి మరమ్మతు చేయబూనరాదు. తలుపులు బిగించుట, విత్తనములను పత్రములను నీరు దూరని సంచులలో కట్టి ఎత్తున నుంచుట, పశువుల పలుపులు విప్పుట, ఇంతమాత్రము చేసి ఆశ్రయస్థానమునకు తరలవలెను. ఎంత గట్టి కప్పైనను గాలినుండియే కాపాడును గాని ఉప్పెననుండి కాపాడలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది ప్రాణములు గొన్నది సముద్రపు నీరు. అధికారులు ఖాళీ చేయుమన్నపుడు కప్పు బాగున్నదను ధీమాతో ఇంట నిలుచుట తగదు.

గాలి తగ్గి తిరిగి వచ్చిన పిమ్మట విద్యుత్తీగలు తెగి పడినవేమో మొదట చూచి, లోపలికి పోకముందు వాసములు జారియున్నవేమో బయటనుండి పరికింపవలెను. పడిపోయిన పెంకులను పారవేయక ఏరి పేర్చవలెను, సగము మరల పనికివచ్చును. నష్టము నమోదు చేయు ఉద్యోగులు వచ్చులోపల ఛాయాచిత్రములు తీసియుంచుట మంచిది.

ఈ వేసవిలో ప్రతి సభ్యుడును ఒక పూట నిచ్చెనవేసి, తన యింటి వాసముల కొనలను చాకుతో గ్రుచ్చి చూడగోరుచున్నాము. అందు మొన నిలిచినచో సంతోషము. దిగబడినచో, తుపాను రాకముందే తెలిసినందులకు మఱియు సంతోషింపవలెను. అట్టివారు సంఘ కార్యాలయమునకు వచ్చి, తమ వీధిలో అదే పని గల తక్కిన సభ్యులతో కలిసి, పెంకులను కఱ్ఱను ఉమ్మడిగా తెప్పించుకొను ఏర్పాటును ఇప్పుడే మాటలాడుకొనవలెనని మనవి.